అమ్ముడుపోని వెన్న

తమాలే,
నిప్పుల పండగ వెళ్ళిన మర్నాడు.

చిరంజీవి సనాటుకి వదిన వుంపిని దీవెనలు.

పుమాయకి అయిదో ఏడు వచ్చిందని, ఆనవాయితీగా కోలా కాయలు పంపించి పిల్లని అడిగి, పెంచుకోడానికి తీసుకెళ్ళమని మా తమ్ముడు కబురు చేశాడు. మేనత్తగా అది నా హక్కే. తమ్ముడి కూతుర్ని అడగని ఆడపడుచు పుట్టింటితో తెగతెంపులు చేసుకుందని మనవాళ్ళు అంటారు. భర్త పోయి, పిల్లల్లేక, కుట్టుమిషను ముందు ఒంటరిగా కూర్చునే నాకు ఇంట్లో ఒక పిల్ల తిరిగితే ఎంత బాగుంటుందో నీకు తెలుసు. అయినా కోలా కాయలు పంపను. కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నన్నూ పుమాయంత వయసులోనే మా మేనత్త తనుండే యెండీ ఊరికి తీసుకెళ్ళి పెంచుకుంది. ఆవిడ చెడ్డది కాదు. నాకు పెట్టాకే తను తినేది, ఈ కుట్టుపని నేర్పిందీ ఆవిడే. ఆవిడనే అమ్మా అని పిలిచాను. కన్నతల్లి మాత్రం ప్రతి సంతకీ షియా గింజల వెన్న గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. మా వాకిట్లో గంప దించి మేనత్తతో గంటలకొద్దీ కబుర్లు చెప్పేది కానీ, నా వైపు చూసేది కాదు. గుమ్మానికి వేలాడే చాప వెనక నుంచుని, ఈసారైనా పిలుస్తుందని నేను ఎదురుచూసేదాన్ని.

ఒక సంతనాడు ఆగలేక అమ్మ వెనకాలే లారీదాకా పరుగెత్తి బట్ట పట్టుకున్నాను. లారీ నిండా మన ఊరివాళ్ళే. అమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "ఎవరి పిల్లవే నువ్వు? మీ అమ్మ వెతుక్కుంటుంది, ఇంటికి పో" అంది. లారీలో ఎవరో నవ్వారు. ఇచ్చిన పిల్లని తల్లి నాదనకూడదని, అంటే ఆడపడుచుని అవమానించినట్టని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినా బాధ పోలేదు. ఆ మాట నీ కూతురికి వినిపించలేను, నీ చేత అనిపించలేను. పుమాయని నీ దగ్గరే ఉంచుకో. ఊళ్ళో నన్ను ఏమన్నా అనుకోనీ.

ఇట్లు,
వుంపిని.



వదినకి, మోకాళ్ళు వంచి దండం పెట్టి సనాటు రాయునది.

నీ ఉత్తరం అందగానే పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. అది సంతోషమే, దాచను. కానీ నీ తమ్ముడు ముందూ వెనకా చూడకుండా ఆ ఉత్తరాన్ని వాకిట్లో గట్టిగా చదివేశాడు. మీ అమ్మ అక్కడే పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది. "ఎవరి పిల్లవే" అన్న చోట తెడ్డు ఆగిపోయింది. ఆ పూట అందరం మాడు సంకటే తిన్నాం.

మర్నాడు నేనే కదిపాను. "అత్తయ్యా, వెన్న అమ్ముకోడానికి వెళ్ళినదానివి, పిల్లని ఒక్కసారి పలకరిస్తే ఏం పోయింది?"

"వెన్న ఎవరు అమ్మారే? తీసుకెళ్ళిన గంప తీసుకెళ్ళినట్టే తెచ్చేదాన్ని. నీ వెన్నకి యెండీ చూపించి తీసుకొస్తున్నావా అని మీ మావయ్య ఒకటే ఎగతాళి. గంప లేకుండా పోతే పిల్ల కోసం వచ్చిందంటారు. మా ఆడపడుచు మనసు విరిగితే కష్టం పిల్లకే కదా."

"మరి దాని వైపు చూసేదానివే కాదటగా?"

"చాప కింద దాని పాదాలు కనబడేవి. ఎంత పెరిగాయో చూసుకుని వచ్చేసేదాన్ని."

"లారీ దగ్గర అలా అన్నావేం మరి?"

"అని, నేను లారీ ఎక్కలేదు. ఎక్కితే అందరి ముందూ ఏడుస్తానని నడిచొచ్చాను."

వదినా, నేను సర్దిచెప్పడానికి ఇది రాయడం లేదు. అన్న మాట అన్నదే. అది అత్తయ్యకీ తెలుసు. "నా పిల్లే అని ఉంటే ఏమయ్యేది, మహా అయితే మా ఆడపడుచు అలిగేది" అని నిన్నటినుంచీ అదే మాట.

పుమాయ నా దగ్గరే ఉంటుంది. కానీ ఇక్కడినుంచి ఇంకొకరు నీ దగ్గరికి వస్తానంటున్నారు. "దాన్ని నేను పెంచలేదు. నన్ను అది పెంచుకుంటుందేమో అడుగు" అంది అత్తయ్య. నీ తమ్ముడు వద్దన్నాడు. "నాకు కోలా కాయలు అక్కర్లేదులే" అని నవ్వి గంప సర్దుకుంది.

వచ్చే సంతనాటి లారీకి బయల్దేరుతుంది. నీకు ఒక్క సంగతి రాయమంది. తమాలే చేరాక తనంతట తాను దిగదట. నువ్వొచ్చి, లారీలో వాళ్ళందరూ వింటుండగా, "ఈవిడ మా అమ్మ" అంటేనే దిగుతుందట. నీకు నోరు రాకపోతే అదే లారీలో వెనక్కి వచ్చేస్తుందట, నీ మీద కోపం లేకుండా.

ఇట్లు,
నీ మరదలు సనాటు.