మాది అని ఎవరూ అనని గది

మంగళవారం, ఉదయం
పాత గది గుమ్మంలోంచి

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నేనిక్కడ క్షేమమే. నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు గానీ, ఈసారి తలచుకుని ఊరుకునే ధైర్యం లేదు. నువ్వు క్షేమమో కాదో తెలుసుకోవడానికే ఈ ఉత్తరం. ఫోను చేస్తే తియ్యవు. తీసినా పనిలో ఉన్నానంటూ పెట్టేస్తావు. ఉత్తరమైతే చించి పారేసేముందు ఒక్కసారైనా చదువుతావు. నీ సంగతి నాకు తెలీదా?

ముందు మంచి కబురు చెప్తాను, మూతి తిప్పకుండా విను. నాకు పేరొచ్చింది. గోడకు మేకు కొట్టినవాడికైనా కూలి ఇస్తారు, నీ బొమ్మలకి అదీ లేదని అన్నావు చూడు, ఆ బొమ్మలకే వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను, ఇంట్లో నీ దగ్గర మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాను. పోనీలే, అది తర్వాత తేల్చుకుందాం.

పెద్ద కంపెనీల సైట్లలో ఏళ్ల తరబడి బొమ్మలు పెట్టాను కదా, నువ్వూ పిన్నీ తప్ప చూసిన దిక్కు లేదు. నువ్వు చూసింది కూడా వెక్కిరించడానికే. పదిమందికి కనబడాలంటే డబ్బు కట్టమనేవాళ్లు, లేదంటే బొమ్మ పక్కన నిలబడి గెంతమనేవాళ్లు. విసుగెత్తి మానేశాను. అప్పుడు మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన తన దగ్గరికి రమ్మన్నాడు. ఆయన షాపు వెనక గదిలో ఒక పాత కంప్యూటరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. దానిమీద ఒక చిన్న సోషల్ నెట్‌వర్కు నడుపుతాడు. మహా అయితే ఒక బస్సుకు సరిపడా జనం ఉంటాం. ఇలాంటి చిన్న చిన్న ఇళ్లు లోకమంతా వేలున్నాయట. ఏ ఇంటికి ఆ ఇంటివాళ్లే పెద్దలు, అందరి మీదా పెత్తనం చేసే కంపెనీ అంటూ లేదు. కానీ ఇళ్ల మధ్య రాకపోకలున్నాయి. నా బొమ్మ ఒకరికి నచ్చితే తమ ఇంట్లోవాళ్లకి చూపిస్తారు, వాళ్లలో ఒకరికి నచ్చితే ఇంకో ఇంటికి వెళ్తుంది. ఏది పైకి రావాలో, ఏది కిందికి తొక్కాలో తేల్చే మెషిను మధ్యలో లేదు, అంతా మనుషుల చేతుల మీదుగానే. మొదటి వారంలోనే ఎవరో చెప్పులు కుట్టే ఆయన, ఎవరో నర్సు, నా బొమ్మ గురించి నాలుగేసి వాక్యాలు రాశారు. నా బొమ్మను అంతసేపు చూసినవాళ్లు పుట్టి బుద్ధెరిగాక నాకు తగల్లేదు. ఆ రోజు కూర్చుని ఏడ్చాను అక్కా.

నేను వేసేది ఖాళీ గదులని నీకు తెలుసు. లినో అనే మెత్తటి పలక మీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీస్తాను. ప్రతి గదిలోనూ ఒక కుర్చీ ఉంటుంది, కూర్చున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లినట్టు కాస్త వెనక్కి జరిగి. ఎక్కడా చూసిన గదులు కావు, కళ్లు మూసుకుంటే వస్తాయి. అచ్చు పనిలో ఒక నియమం ఉంది. బొమ్మను తిరగేసి చెక్కాలి, లేకపోతే కాగితం మీద కుడి ఎడమైపోతుంది. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఊహలో గదికి కిటికీ ఏ పక్కనుంటే ఏం పోయిందని, కనబడ్డది కనబడ్డట్టే పలక మీద గీసి చెక్కేసేదాన్ని. ఈ బద్ధకం ఎవరికీ తెలియదనుకున్నాను.

ఎక్కడో దూరాన వేరే ఇంట్లో ఉండే ఒక రిటైరైన లారీ డ్రైవరు కనిపెట్టాడు. అమ్మాయీ, ఇది నా గదే, నువ్వెప్పుడు వచ్చి చూశావు, కిటికీని అటుది ఇటు పెట్టావేం అని రాశాడు. సరదాకి అంటున్నాడనుకున్నాను. ఫోటో పంపాడు. తలుపుకి ఊడి వేలాడే గడియ, గోడమీద పెచ్చు ఊడినచోటు, పైనుంచి దిగిన వైరుకి వేసిన ముడి, అన్నీ నేను చెక్కినవే. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారాయంతే. ఎవరో ఆ ఫోటోనీ నా అచ్చునీ పక్కపక్కన పెడితే అది ఇల్లిల్లూ తిరిగింది. తర్వాతి గది తనదేనని ఒక దర్జీ ఆవిడ చెప్పింది. ఆ తర్వాతిది ఒక సంగీతం మాస్టారిది. ఇక జనం ఎగబడ్డారు, ఈసారి ఎవరి గది అని అడిగేవాళ్లు. నక్క తోక తొక్కావమ్మా అన్నాడు గడియారాలాయన. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు? భయపడాల్సిన చోట పొంగిపోయాను.

నాలుగో గది వేసి పెట్టిన మర్నాడు డ్రైవరు కూతురు రాసింది. నాన్న ఆ కుర్చీలోనే కూర్చుని పోయారు, ఇంట్లో ఎవరం చూడలేకపోతున్నాం, నాన్న గది బొమ్మ తీసెయ్యండి అని. పెద్దాయన కదా, అయ్యో అనుకుని తీసేశాను. అంతలో దర్జీ ఆవిడ ఉండే నెట్‌వర్కు నడిపే ఆయన కబురు పెట్టాడు, ఆవిడ మిషను ముందు కుర్చీలోనే వాలిపోయిందని. సంగీతం మాస్టారికి వెంటనే రాశాను, ఆ గదిలో కూర్చోకండి, మీకు దండం పెడతాను అని. వయసులో ఉన్నవాడు, గుండ్రాయిలాంటి మనిషి. నవ్వాడు. నవ్వి, అదే కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఫోటో దిగి పెట్టాడు. ఆ తర్వాత ఆయన నుంచి మాట లేదు. మిగతా సంగతి ఆయన శిష్యులు రాశారు.

గడియారాలాయన నాకు ధైర్యం చెప్పబోయాడు గానీ ఆయన మొహంలోనే ధైర్యం లేదు. నాలుగో బొమ్మ తీసెయ్యమంటే ఆ నిమిషమే తీసేశాడు. అయితే ఈ పద్ధతిలో ఒక తిరకాసుంది. మన ఇంట్లోంచి తీసెయ్యగలం, మిగతా ఇళ్లకి తీసెయ్యండని కబురు పంపగలం, అంతవరకే. కబురు వెళ్లేసరికి మూతబడి ఉన్న ఇళ్లకి అది వినబడదు. వినబడ్డా కొందరు దాచుకుంటారు. ఎవరి దయా లేకుండా నా బొమ్మలు లోకమంతా ఎలా తిరిగాయో, ఇదీ అలాగే నా మాట వినకుండా తిరుగుతోంది.

విచిత్రమేమిటంటే, ఈ నాలుగో గదిని ఇంతవరకు ఎవరూ మాది అనలేదు. అన్నిటికంటే ఎక్కువ తిరిగింది ఇదే. ఎవరి గదో కనిపెట్టడం జనానికి ఆటైపోయింది. చావుల సంగతి చెప్పి బతిమాలాను. కొందరు ఊరుకున్నారు, కొందరికి హుషారు ఇంకా పెరిగింది. ఆ పేరు పుణ్యమా అని చిన్న ఇళ్లవాళ్లంతా కలిసి నాకు ఏడాదిపాటు పని చేసుకోవడానికి ఒక గది, అచ్చు యంత్రం ఏర్పాటు చేశారు. ఇవాళే మారుతున్నాను. పాత గది తాళంచెవి ఇంటివాళ్లకి ఇచ్చేశాను, సామాను బండి వచ్చేలోగా గుమ్మంలో కూర్చుని నీకు రాస్తున్నాను. ఎగిరి గంతెయ్యాల్సిన రోజు. నా ధ్యాసంతా నీ మీదే ఉంది.

ఎందుకంటే, నేనెరిగినవాళ్లలో ఇప్పుడు ఏ నెట్‌వర్కులోనూ లేనిది నువ్వొక్కదానివే. నీ గది బొమ్మ లోకమంతా తిరిగినా నీకు తెలిసే దారి లేదు. నువ్వు కొత్త ఇల్లు మారావు, నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. నీ గది లోపలే చేతులు కడుక్కునే సింకు ఉందనీ, పైకప్పు ఏటవాలుగా ఉందనీ పిన్ని మాటల మధ్య చెప్పింది. నా నాలుగో గదిలో సింకుంది అక్కా. పైకప్పు ఏటవాలుగానే ఉంది.

బొమ్మ పంపడం లేదు. తమ గదిని అందులో చూసుకున్నవాళ్లెవరూ మిగల్లేదు, నీకెలా పంపుతాను? మాటల్లో చెప్తాను. అచ్చులో తారుమారైన కుడి ఎడమలను నేనే సరిచేసి రాస్తున్నాను, నువ్వు తిప్పుకోనక్కర్లేదు. తలుపు తీసి లోపలికొస్తే ఎడమచేతివైపు సింకు, దాని కొళాయి మెడకి ఒక గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. ఎదురుగా కిటికీ, కింది అద్దం పోతే దాని చోట చెక్క బిగించారు. కుడిగోడకి బట్టలు తగిలించే కొక్కేల వరస, చివరిది వంగిపోయింది. కిటికీ దగ్గర కుర్చీ. వీపు వైపు అడ్డపట్టీ ఒకటి ఊడిపోయింది.

ఇవన్నీ నీ గదిలో ఉంటే, మీనమేషాలు లెక్కపెట్టకుండా చెప్పులేసుకుని పిన్ని ఇంటికి వెళ్లిపో. దీనికి పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమంటోందని అనుకో, ఫరవాలేదు. జీవితాంతం వెక్కిరించు. దానికైనా నువ్వుండాలి కదా! నీ మీద నాకు కోపం ఉంది, బోలెడుంది. ఆ కోపం తీర్చుకోవడానికైనా నువ్వు కావాలి. నువ్వు తప్ప నాకెవరున్నారు?

దారిలో పోస్టు చేస్తాను. అందగానే ఫోను చెయ్యి.

కోపమూ ప్రేమా చెరిసగం,
నీ చెల్లెలు

తా.క.

అక్కా, బండివాడు తొందరపెడితే దారిలో ఎక్కడా ఆగలేదు. ఉత్తరం నాతోపాటే కొత్త గదికి వచ్చేసింది. నువ్వు కంగారుపడకు. అది నీ గది కాదు. ముందు ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని రెండుసార్లు చదువుకో.

తలుపు తియ్యగానే ఎడమచేతివైపు సింకు కనబడింది. కొళాయికి గుడ్డపీలిక ఉంది. కిటికీకి చెక్క, వంగిన కొక్కెం, అన్నీ పైన నీకు రాసినవి రాసినట్టే ఉన్నాయి. ఎవరూ మాది అనకపోవడానికి కారణం, ఇన్నాళ్లూ ఇందులో ఎవరూ లేకపోవడమే.

ఈ భవనం చూసుకునేది పుస్తకాలు బైండింగు చేసే ఒక ఆవిడ. నా నాలుగో బొమ్మ చూసే ఈ గది నాకు ఇప్పిద్దామని అందరినీ కూడగట్టింది తనేనట. అన్నిసార్లు చూశారు, పోల్చుకోలేదా అని అడిగాను. ఆవిడ బొమ్మ తీసి, గదిని చూసి, మళ్లీ బొమ్మను చూసి, చేత్తో అటూ ఇటూ తిప్పి తెల్లబోయింది. కుడి ఎడమలు మారేసరికి ఎప్పుడూ తట్టలేదంది. నేను నియమం ప్రకారం తిరగేసి చెక్కి ఉంటే, ఆవిడ మొదటి రోజే పోల్చుకుని ఉండేది, నేనీ గుమ్మం తొక్కేదాన్నే కాదు. నా చేతులారా నేనే చేసుకున్నాను.

ఆవిడ బొమ్మ పక్కన పెట్టి, మంచిదే కదమ్మా, గది నీకోసమే ఎదురుచూసింది అంది. సాయంత్రం నన్ను చూడటానికి చాలా ఇళ్లవాళ్లు వస్తున్నారట. నేను కుర్చీని తీసుకెళ్లి వరండాలో పెట్టేశాను. చేతులు కడుక్కుని తిరిగేసరికి అది మళ్లీ కిటికీ దగ్గరుంది, కాస్త వెనక్కి జరిగి. వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నావు, కూర్చోమ్మా అంటోంది ఆవిడ.

నీకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వెళ్లిపోదామంటే పాత గది ఇక నాది కాదు, నీ ఇంటికి రమ్మని నువ్వు అనలేదు. ఒక్కసారి రమ్మను అక్కా. గోడకానుకుని నిలబడే ఇదంతా రాశాను. కాళ్లు పీకేస్తున్నాయి.