నాయన పోసిన నీళ్లు

శనివారం, మే నెల

కాలేజీ గ్రీన్‌హౌస్‌లో పదకొండు రోజులుగా నీళ్లు ఆపి ఎండబెడుతున్న నా క్యాబేజీ మొక్కలకు నాయన నీళ్లు పోసేశాడు. నన్ను చూడటానికి పూతలపట్టు నుంచి తిరుపతి వచ్చినవాడు, నేను క్లాసు ముగించేలోపే బకెట్టు అందుకున్నాడు.

డీఎన్ఏకు నకలు తీయడంలో తోడ్పడే జన్యువు చురుగ్గా ఉన్న మొక్క నీటి ఎద్దడిని తట్టుకుంటుందా అన్నదే నా పరీక్ష. ఇప్పుడు అన్నీ ఒకేలా తలెత్తాయి, ఏది తట్టుకునేదో ఇక తేలదు. మళ్లీ మొదలుపెట్టడానికి ఆ విత్తనం ఒక్కటీ మిగల్లేదు, నాకు గడువూ లేదు.

"వాడిపోతా ఉంటే ఎట్లమ్మా సూస్తా ఉండేది? మన చేను ఎండినప్పుడు పోసేదానికి నీళ్లు లేకపాయె. ఈడ కొళాయి ఉండాది గదా!" అన్నాడు.

ఆ చేను ఎండినందుకే ఈ చదువుకు వచ్చానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ, "ఇంక ఇవి సావవులేమ్మా" అన్నాడు.

"సావవు నాయనా" అన్నాను.