పాడితేనే వచ్చే పాఠం

అమ్మకు వందనాలు. నా దగ్గు తగ్గిపోయింది, దిగులు పెట్టుకోకు.

ఇక్కడ చర్చిలో ఒక పంతం పట్టాను. మా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఒక అక్కకు చదువు రాదు. ప్రభు భోజన సంస్కారం తీసుకోవాలంటే ముందు విశ్వాస ప్రమాణం అప్పజెప్పాలి కదా, దాన్ని మన పాత కీర్తన రూపంలో నేర్పించాను. మొన్న ఆదివారం ఒక్క తప్పు లేకుండా పాడింది. సంఘపెద్ద మాత్రం, "పాట ఎవరడిగారమ్మా? మాటల్లో చెప్పు" అన్నాడు. పాపం, ఆమె మళ్లీ పాటే అందుకుంది. నాకు ఒళ్లు మండింది. "ముందు మీరు చెప్పండి పెద్దాయనా, వింటాం" అన్నాను. గడగడా మొదలుపెట్టి మూడో భాగంలో ఆగిపోయాడు. గొంతులోనే ఆ కీర్తన రాగం తీసుకుంటే గాని తర్వాతి మాట అందలేదు. పాస్టరు అయ్యగారు నవ్వు ఆపుకోలేక ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.

అయినా పెద్దాయన దిగిరాలేదు. వచ్చే నెల పది ఆజ్ఞలు కూడా అడుగుతాడట. అడగనీ, అవీ పాటగానే నేర్పిస్తాను. నువ్వు అంట్లు తోముతూ పాడే ఆజ్ఞల పాటలో ఆరో చరణం నాకు గుర్తు రావడం లేదు. తమ్ముడి చేత రాయించి వెంటనే పంపు.

నాన్న కళ్లజోడు మార్పించారా? కుట్టు మిషను బాగైందా? అందరికీ దేవుడు తోడుండాలి.

కార్డులో చోటు అయిపోయింది. తమ్ముడికి పాడి వినిపిస్తూనే రాయించు. ఊరికే చెప్పబోతే నీకూ సగంలో ఆగిపోతుంది.

నీ పెద్దమ్మాయి