మా వాడి పాట, నా చెవులు

జూన్ 14, ఆదివారం

ప్రియమైన అక్కయ్యకు,

నీకూ బావగారికీ నమస్కారాలు. దేవుడు మీ ఇద్దర్నీ చల్లగా చూస్తున్నాడనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇక్కడ అందరం లేచి తిరుగుతూనే ఉన్నాం, కానీ నా మనసు కుదురుగా లేదు.

బుజ్జిగాడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఉద్యోగం మానేసి, సంగీత పాఠశాలలో సౌండ్ ఇంజినీరింగులో చేరాడని నీకు తెలుసు. ముప్ఫై దాటినవాణ్ణి బుజ్జిగాడంటావేమిటని నవ్వకు, ఆ పేరు పెట్టింది నువ్వే. గొంతు, గిటారు, డ్రమ్ములు దేనికది రికార్డు చేసి, ఏది ఎంత వినిపించాలో సరిచూసి ఒక్క పాటగా కలపడం వాడి చదువు.

మీ మరిదిగారి సంగతి చెప్పాలా? ఇన్నాళ్ళూ జనం కళ్ళు బాగుచేశాడు, ఇప్పుడు చెవుల మీద పడ్డాడని వచ్చినవాళ్ళందరి దగ్గరా నవ్వుతారు. ఆ నవ్వు పైకే. దుకాణంలో వాడి కుర్చీలో అప్పుడే ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. ఆఖరి పరీక్షకి వాడు ఒక పాట సొంతంగా కలిపి ఇవ్వాలి. అది నెగ్గితే పాఠశాలవాళ్ళే తమ స్టూడియోలో పనిలో పెట్టుకుంటారు. తప్పితే ఇక్కడా లేదు, అక్కడా లేదు.

మా ముందుగదిని నువ్వు గుర్తుపట్టలేవు. శబ్దం గోడలకి కొట్టుకుని తిరిగి రాకుండా పరుపులు నిలబెట్టాడు. మీ మరిదిగారు పడుకోబోతూ నా పరుపేదిరా అంటే, డ్యూటీలో ఉంది నాన్నా అన్నాడు. రెండు స్పీకర్లకీ సమానదూరంలో ఒక కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. నిజం చెప్పే చెవులు ఒక జత వెతుక్కోండని మాస్టారు క్లాసులో చెప్పారట. వీడు నావి ఎంచుకున్నాడు. ప్రార్థనామందిరంలో ఏళ్ళ తరబడి పాట ఎత్తుకునేదాన్ని నేనే కదా, ఎవరి శ్రుతి తప్పినా ఇట్టే పట్టేస్తానని వాడికి గర్వం.

రోజూ సాయంత్రం, క్లాసులో నేర్పిన కొలతల ప్రకారం కలిపి వినిపించి ఎలా ఉందమ్మా అనేవాడు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టుంది నాయనా అనేదాన్ని. పాటలోని కీచుమనే సన్నటి శబ్దాలు పెంచేవాడు. ఇంకాస్త అంటే ఇంకాస్త పెంచేవాడు. అది తీసుకెళ్తే మాస్టారు, ఇదేం పాటయ్యా, చెవుల్లో సూదులు గుచ్చుతున్నావు అన్నారట. తగ్గించి వినిపిస్తే నాకు మళ్ళీ గుడ్డే. చివరికి వీడు, మా అమ్మ చెవి ఎప్పుడూ తప్పదండీ అని అందరి ముందూ ఆయనకి ఎదురుచెప్పాడు. అలాగైతే మార్కులు కూడా మీ అమ్మగారినే వెయ్యమను అన్నారట ఆయన.

నాకేం చెయ్యాలో తోచలేదక్కా. మాస్టారు చదువుకున్నవారు. నాకు వినిపించిందే నేను చెప్పాను. మధ్యలో వాడు నలిగిపోతున్నాడు. దారి చూపించమని దేవుణ్ణి వేడుకోవడం తప్ప నా చేతిలో ఏముంది?

మర్నాడు మా అమ్మాయి చిన్నది విసురుగా వచ్చి, మెషీన్ అంతసేపటి నుంచి కూతపెడుతుంటే పక్కనే నిలబడి ఏం చేస్తున్నావమ్మా అని కోప్పడింది. బట్టలుతికే మెషీన్ పని అయిపోయి మోగుతోందట. నాకు వినిపిస్తే కదా! అప్పటికప్పుడు నన్ను చెవి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. మొదట్లో నొక్కుతూనే ఉన్నాను. తర్వాత ఏమీ రాకపోతే యంత్రం ఆగిందేమోనని బుద్ధిగా కూర్చున్నాను. ఆగలేదట. సన్నటి శబ్దాలు నా చెవికి అందడం లేదట. మాటలు మామూలుగానే వినిపిస్తాయి కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదట. పోయింది తిరిగి రాదట.

ఇంటికొచ్చి వాడికి చెబుతూ ఏడ్చాను. వాడు నన్ను పట్టుకుని, బతికించావమ్మా, లోపం నా చదువులో లేదన్నమాట అన్నాడు. ఇక నీకు రిటైర్మెంటు, నా చెవులతో నేను చూసుకుంటానన్నాడు. వెళ్ళి మాస్టారిని క్షమించమని అడిగాడు. ఆయన మంచివారు, శుక్రవారం దాకా గడువిచ్చారు. నా గురించి బెంగపెట్టుకోకు. వాడి కోసం ప్రార్థించు, అది చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. డాక్టరమ్మ చివర్లో అన్న మాట పైన రాయలేదక్కా. ఇలాంటిది తల్లి నుంచి పిల్లలకీ రావచ్చట, చిన్న వయసులోనే మొదలవచ్చట. చిన్నదానికి అక్కడే పరీక్ష చేసింది, ఏమీ లేదు. అబ్బాయిని కూడా తీసుకురండి అంది. వాడికి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఈ పొద్దున వాడు నేను చెప్పి పెంచినవన్నీ తీసేసి, తన చెవులతో మొదటినుంచీ కలిపి, ఊరికే విందువుగాని రా అమ్మా అని పిలిచాడు. పాట మోగుతుంటే చిన్నది గదిలో అడుగుపెడుతూనే రెండు చెవులూ గట్టిగా మూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. వాడు చూడలేదు. ఇప్పుడు కుదిరిందన్నట్టు కళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నాడు. నాకూ ఎంతో బాగా వినిపించింది అక్కా.