ముసలాయన చివరి అధ్యాయం

ఫిబ్రవరి 3
డాక్టర్ నన్ను కారిడార్‌లోకి పిలిచి చెప్పాడు. చెల్లికి ఇంకో నెల, మహా అయితే నెలన్నర. ఆ మాట దానికి చెప్పనని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. దాని చూపు మసకబారింది కాబట్టి నా మొహం కనిపించదు. అదొక్కటే అదృష్టం.

ఫిబ్రవరి 5
చెల్లి ఏదైనా చదివి వినిపించమంది. లైబ్రరీ నుంచి మూడు నవలలు తెచ్చాను. మూడింట్లోనూ రాక్షసులు, మంత్రాలు, మాయకత్తులు. ఒక్కోటి రెండు పేజీలు విని ఆపేయమంది. మాయలూ మంత్రాలంటే పడి చస్తావుగా అని కసిరి, నాలుక కరుచుకున్నాను.

మంత్రాలు కాదట, ముసలాయన రాసిందే కావాలట. ఉప్పూ కారం అందరిళ్లలోనూ ఉంటాయి, చెయ్యే వేరంది. ఆయన రాసిన మాయల నవల ఐదు భాగాలూ దానికి కంఠస్థం. ఆరోది నేను పనిచేసే ప్రచురణ సంస్థలో ఉంది. ఆయన చేతిరాత టైప్ చేసేది నేనే. ఆయన పోయాడని దానికి తెలుసు. పుస్తకం సగంలో ఆగిందని తెలియదు.

ఫిబ్రవరి 6
ప్రింటవుట్ తెచ్చాను. నవ్వింది. ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 16
ఆయన రాసింది అయిపోయింది. కథలో వంతెన కాపలా పిల్ల విషజ్వరంతో పడుంది. తర్వాతేమైందని చెల్లి అడుగుతోంది. రేపు చెబుతానన్నాను.

ఫిబ్రవరి 17, లంచ్ టైం
నేనే రాశాను. పదేళ్లుగా ఆయన వాక్యాలు నా వేళ్ల మీదుగానే పోయాయి, ఆ మాత్రం రాయలేనా? కొండమీది ఊటనీళ్లు తాగి పిల్ల లేచి కూర్చుంది. రాస్తూ ఏడ్చాను. బాగా కుదిరిందనుకున్నాను.

ఫిబ్రవరి 18
నిన్న సాయంత్రం చదివాను.  అంతా విని, ఇది ముసలాయన రాసింది కాదంది చెల్లి. ఆయన మంత్రం కొండల్ని కదుపుతుంది గానీ పోయే ప్రాణాన్ని ఆపదట. ఐదు భాగాల్లో ఒక్కసారీ ఆపలేదట. అందుకే ఆయన్ని నమ్ముతానంది.

"ఆ పిల్లని నువ్వే బతికించావు కదక్కా. డాక్టర్ ఎన్నాళ్లన్నాడు?"

చెప్పేశాను. ఇంటిల్లిపాదీ గుట్టుగా దాచింది చెంబెడు ఊటనీళ్లతో బయటపడింది. చెల్లి ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, సరిగ్గా రాసుకు రమ్మంది.

ఫిబ్రవరి 19
అమ్మ నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 24
ఆ పిల్లను చంపడానికి చెయ్యి రావడం లేదు. చెల్లి రోజూ అడుగుతోంది. పోయేటప్పుడు ఆ పిల్ల పక్కన ఎవరున్నారో దానికి తెలియాలట. నాకు భయంగా ఉంది.

మార్చి 2
రాశాను. వంతెన పిల్ల పోయింది. పక్కన అక్క ఉంది. చదివితే కళ్లు మూసుకుని విని, ఇది ముసలాయనదే అంది.

మార్చి 9
మళ్లీ అదే అధ్యాయం అడిగింది. నర్సు నా భుజం మీద చెయ్యి వేసి ఇక ఆపమనేదాకా చదువుతూనే ఉన్నాను.