మా ఆయన బతికే ఉన్నారు

ఏవండీ, అన్నం కుక్కర్లో ఉంది, పప్పు ఫ్రిజ్‌లో ఉంది. వేడి చేసుకుని తినండి. ఏసీ బాగుచేసే అతను వస్తే లేచి తలుపు తీయండి, మాతో అన్నట్టు అతనితో కూడా "వచ్చే శుక్రవారం చూద్దాం" అనకండి.

నేనూ, మన అమ్మాయి కెజియా కలిసి, సలోమి వదినవాళ్ళ కారులో సముద్రం మీది వంతెన దాటి బహ్రెయిన్ చర్చికి వెళ్తున్నాం. మిమ్మల్ని లేపలేదు. వారమంతా సైటులో అలిసిన మనిషి దేవుడి కోసం లేవడమేమిటి? క్రికెట్ కోసమైతే తెల్లవార్లూ మేలుకోవచ్చు, అది వేరే భక్తి.

పోయిన వారం జరిగింది మీకు చెప్పనేలేదు. కొత్త పాస్టరుగారు మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు కదా, మా ఇద్దర్నీ ముందుకు పిలిచి, "ఈ విధవరాలినీ, తండ్రిలేని ఈ బిడ్డనూ ఆదరించు ప్రభువా" అని కన్నీళ్ళతో ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది.

"అయ్యగారూ, మా ఆయన బతికే ఉన్నారండీ. సౌదీలో, ఖోబర్‌లో ఇంట్లో నిద్రపోతున్నారు" అన్నాను. అందరూ నవ్వారు. పరువు కోసం నేనూ నవ్వాను. కెజియా మాత్రం నవ్వలేదు.

సాయంత్రం ఆరాధన కూడా ఉంది. వంతెన దాటి వస్తారేమోనని మీ పాస్‌పోర్టు టీవీ రిమోట్ పక్కన పెట్టాను, ఇంకెక్కడ పెట్టినా మీకు కనబడదు.

ఇంకో మాట. ఆ ప్రార్థన అయ్యాక మీ కూతురు తన పక్క కుర్చీలో బైబిలు పెట్టింది. ఎవరో ఆవిడ కూర్చోబోతే, "ఇక్కడొద్దు ఆంటీ, మా డాడీ కారు పార్క్ చేస్తున్నారు" అంది.