దగ్గు లేని కూత

వన్యప్రాణి సంరక్షణ శాఖలో నిబంధనలు రాసే విభాగంలో పనిచేసి రిటైరైన నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా లాయరుగారిది.

1. చిత్తడినేల ఒడ్డున ఉన్న నా స్వార్జితపు ఇల్లు, బైనాక్యులర్స్, పుస్తకాలు నా తమ్ముడి కూతురికి సర్వహక్కులతో చెందాలి. తండ్రి వద్దంటున్నా ఆ పిల్ల బురదలో నా వెనకే నడిచింది. ఇంటి విషయంలో తండ్రి సలహా తీసుకోకూడదు.

2. పడవ, పడవవాడికే. అది నాదన్నది కాగితం మీద మాటే.

3. ఉన్ని శాలువా మరదలికి. నా గుమ్మంలో వణుకుతూ నిలబడేది గానీ, మొగుడు చూస్తాడని లోపలికి వచ్చేది కాదు.

4. నిచ్చెన తమ్ముడికి. కారణం రాయాలి.

తుంగలో దాక్కునే పిట్ట కంటికి కనబడదు. అందుకే పిట్టల్ని లెక్కపెట్టే మా శాఖ బృందం ఏటా వచ్చి, రికార్డు చేసిన కూత వినిపిస్తుంది. లోపలినుంచి బదులొస్తే పిట్ట ఉన్నట్టు. బదులొచ్చినంతకాలం ఈ నేలను ఎండగట్టకూడదన్న నిబంధన రాసింది నేనే. తమ్ముడి భూమి కూడా దాని కిందికే వస్తుంది. "అక్కా, నీ పిట్ట పోతేగానీ నా భూమికి మోక్షం లేదే" అని నవ్వుతూనే అనేవాడు.

ఆ కూత నేను రికార్డు చేసిన రోజు నాకు జలుబు. చివర్లో నా దగ్గు పడింది. ఆఫీసు ప్రతుల్లో దాన్ని కత్తిరించారు. కత్తిరించని టేపు నా అటక మీద ఉండేది. తమ్ముడు నిచ్చెన వేసుకుని అటకెక్కి పాత సామాన్లేవో దించుకుపోయాక అది కనబడలేదు. ఇప్పుడు సాయంత్రాలు తుంగలోంచి కూత వస్తోంది. దాని వెనకే నా దగ్గు.

ఆ కూత విని, తన చోటికి ఇంకో పిట్ట వచ్చిందనుకుని మగపిట్ట పోట్లాటకు బయటికొస్తుంది. అక్కడ వల ఉంటుంది. పడవవాడు అలాంటి వల ఒకటి తెచ్చి చూపించాడు. "అమ్మగారూ, ఇది చేపల వల కాదండీ. చేపలు గాల్లో ఎగరవు గదా" అన్నాడు.

లెక్కల బృందం వచ్చే వారం వస్తుంది. "అత్తా, పోలీసులకి చెబుదాం" అంటోంది మేనకోడలు. కళ్ళారా చూడకుండా తోడబుట్టినవాడి మీద ఫిర్యాదు ఇవ్వలేను. రేపు ఒక్కదాన్నే లోపలికి వెళ్తున్నాను. "మీకు ఈతైనా రాదు గదండీ" అంటూ పడవవాడు తెడ్డు ఇవ్వనన్నాడు. చివరికి ఇచ్చాడు.

5. నేను తిరిగి రాకపోతే, లెక్కల రోజున మేనకోడలు బృందం పక్కనే నిలబడాలి. దగ్గుతో వచ్చే కూతను పిట్టగా రాయనివ్వకూడదు. దగ్గు లేకుండా ఒక్క కూత వచ్చినా రాయించాలి, తండ్రి ఎదురుగా ఉన్నా సరే. ఒక్కటి చాలు.

తేదీ: మార్చి 9, సాయంత్రం.

(సంతకం)

సాక్షులు:

బడి హెడ్మాస్టరు, రిటైర్డ్.

మందుల షాపు యజమాని. నేను సంతకం చేస్తుండగా తుంగలోంచి కూత వినబడింది, వెంటనే దగ్గు. వీలునామా రాసినావిడ నా ఎదురుగానే నోరు మూసుకుని కూర్చుని ఉన్నారు.